ఇంగ్లీషు ప్రొఫెసరు, అవ్వల కథలు: టెమ్సులా ఆవో జీవితం మనకు చెప్పేది



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగినప్పుడు ముందు కొమురం భీమ్ గురించి రాద్దామనుకున్నాం. భీమ్ గురించి, సమ్మక్క సారలమ్మల గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తున్నారు. ఎప్పటికీ రాయాలి కూడా. ఈసారి మాత్రం మీలో చాలామంది వినని ఒక పేరు చెబుతాం. ఆమె మన ప్రాంతం మనిషి కాదు. మన భాష ఆమెకు రాదు. తుపాకీ పట్టలేదు, జెండా పట్టలేదు. యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పుకున్న ఆదివాసీ మహిళ. పేరు టెమ్సులా ఆవో. నాగాలాండ్‌లోని ఆవో నాగా తెగ బిడ్డ.

ఆమె గురించి ఎందుకు చెప్పాలనిపించిందో తెలియాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మేము హాస్టల్ బాధ్యత తీసుకున్న కొత్తల్లో స్టడీ అవర్ గదిలో బోర్డు మీద ఒక వాక్యం రాయించాం. "ఇక్కడ తెలుగు లేదా ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడవలెను" అని. పిల్లలు గుసగుసగా కోయలో మాట్లాడుకుంటుంటే మాకు అది అల్లరిలా వినపడేది. పదో తరగతిలో ఇంగ్లీషు పేపర్ దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు, ఇంట్లో భాష పక్కన పెడితే తప్ప ఇంగ్లీషు రాదు అని గట్టిగా నమ్మాం. ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నవాళ్ళం, పైగా మేమూ గూడెం నుంచి వచ్చినవాళ్ళమే. అయినా అలా రాయించాం. ఆ వాక్యం బోర్డు మీద మూడేళ్ళు ఉంది.

దాన్ని చెరిపేయడానికి కారణమైన వాటిలో టెమ్సులా ఆవో జీవిత కథ ఒకటి.

తల్లిదండ్రులు లేని బాల్యం

టెమ్సులా 1945 అక్టోబరులో అస్సాంలోని జోర్హాట్‌లో పుట్టారు. ఆవో నాగాల సొంత నేల నాగాలాండ్‌లోని మొకొక్‌చుంగ్ జిల్లా కొండలు. జోర్హాట్ ఆ కొండల దిగువన మైదానంలో ఉన్న పట్టణం. కుటుంబం అక్కడ ఉండేది, పూర్వీకుల ఊరు మాత్రం కొండ మీది చాంగ్‌కి. మన వాళ్ళు కొందరు ఉద్యోగం కోసం భద్రాచలంలోనో ఏటూరునాగారంలోనో ఉంటూ పండుగకు గూడెం వెళ్ళొచ్చినట్టే అనుకోండి.

ఆమె చిన్నతనంలోనే తల్లీ తండ్రీ ఏడాది తిరగకుండా ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. తోబుట్టువులంతా చిన్నవాళ్ళు. బంధువుల ఇళ్ళలో, ఒకరి దయ మీద ఒకరుగా పెరిగారు. ఆకలి, చాలీచాలని బట్టలు, ఎవరికీ భారం కాకూడదన్న భయం ఆ బాల్యం నిండా ఉన్నాయి. పెద్దయ్యాక, 2014లో, ఆ రోజులన్నీ ఒక ఆత్మకథగా రాశారు. దాని పేరు 'వన్స్ అపాన్ ఎ లైఫ్'. పేరు కింద ఉపశీర్షికలో మాడిన కూర, నెత్తుటి గుడ్డలు అనే మాటలు పెట్టారు. అప్పటికి ఆమె పద్మశ్రీ పొంది, ప్రొఫెసర్‌గా రిటైరైన మనిషి. కావాలంటే తన ఘనకార్యాలు వరుసగా రాసుకోవచ్చు. ఆమె మాత్రం మాడిన కూరను పుస్తకం అట్ట మీదికి తెచ్చారు. మన హాస్టళ్ళలో చదివిన ఎవరికైనా ఆ ధైర్యం విలువ తెలుస్తుంది. మనం హాస్టల్ రోజుల్ని బయట చెప్పుకోవడానికి సిగ్గుపడతాం.

ఆమె కూడా హాస్టల్ పిల్లే. అస్సాంలోని గోలాఘాట్‌లో మిషన్ వాళ్ళు నడిపే రిడ్జ్‌వే బాలికల ఉన్నత పాఠశాలలో ఉండి చదువుకున్నారు. ఇంటికి దూరం, చుట్టూ అస్సామీ మాట్లాడే ఊరు, ఇంట్లో ఆవో భాష, ముందు ముందు చదువంతా ఇంగ్లీషు. మీలో ఎంతమందికి కోయ, తెలుగు, ఇంగ్లీషు ఈ మూడింటి మధ్య నలిగిన అనుభవం లేదు?

మొకొక్‌చుంగ్ నుంచి మన హైదరాబాద్ దాకా

స్కూలు తర్వాత ఆమె చదువు సాఫీగా సాగలేదు. ఇల్లు, పిల్లలు చూసుకుంటూ చదివిన చదువు అది. మొకొక్‌చుంగ్‌లోని ఫజల్ అలీ కాలేజీలో డిస్టింక్షన్‌తో బి.ఏ. పాసయ్యారు. తర్వాత గౌహతి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. చేశారు.

ఆ కాలం ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. నాగా కొండల్లో 1950లలో సాయుధ పోరాటం మొదలైంది. సైన్యం దిగింది. ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించి ఒకచోట కుదించారు, ధాన్యం కొట్లు తగలబడ్డాయి. 1963 డిసెంబరు 1న నాగాలాండ్ ప్రత్యేక రాష్ట్రమైంది, అయినా తుపాకుల చప్పుడు ఆగలేదు. ఆమె తరం చదువుకున్నది ఆ చప్పుడు మధ్యలోనే.

ఇక్కడ మనకు దగ్గర సంగతి ఒకటి ఉంది. ఇంగ్లీషు బోధనలో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా కోసం ఆమె హైదరాబాద్ వచ్చారు. అప్పట్లో సీఫెల్ అని పిలిచిన సంస్థ, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నాం. తార్నాక పక్కన, ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉంటుంది. దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు ఉపాధ్యాయులు అక్కడికి శిక్షణకు వచ్చేవారు. ఎక్కడో నాగా కొండల బిడ్డ ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్చుకున్నది మన హైదరాబాద్‌లో. మన ఏజెన్సీ నుంచి అక్కడికి బస్సులో ఒక్క రాత్రి ప్రయాణం. మీలో ఎవరైనా ఆ గేటు లోపలికి వెళ్ళాలన్నది మా కోరిక.

షిల్లాంగ్‌లో పాఠాలు

మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌లో 1973లో ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేహు అంటారు. టెమ్సులా అక్కడే పిహెచ్.డి. చేశారు. 1975 నుంచి అక్కడే పాఠాలు చెప్పి, ప్రొఫెసరై, మానవీయ శాస్త్రాలు, విద్యా విభాగాలకు డీన్‌గా పనిచేసి, 2010లో రిటైరయ్యారు. మధ్యలో 1992 నుంచి 1997 వరకు డిప్యుటేషన్ మీద దిమాపూర్‌లోని ఈశాన్య మండల సాంస్కృతిక కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్నారు.

ఆమె విమర్శ గ్రంథం ఒకటి 1989లో వచ్చింది. అది హెన్రీ జేమ్స్ అనే నవలాకారుడి మీద. ఆయన అమెరికాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. పెద్దింటి మనుషుల గురించి, ధనికుల విడిది గదుల్లో నడిచే మాటల గురించి చాలా సన్నగా, మెలికలు తిరిగే వాక్యాల్లో రాశాడు. ఆ నవలల్లోని స్త్రీ పాత్రల మీద ఈమె పరిశోధన.

మన పిల్లలు అడుగుతారు, "మేడం, ఆకలితో పెరిగిన ఆదివాసీ ఆడపిల్లకు ఆ దొరసానుల కథలతో ఏం పని?" అని. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పే జవాబు ఇది. పరాయి కథను ఓపికగా, అక్షరం అక్షరం చదవడం నేర్చుకున్న మనిషికి సొంత కథను కూడా అంత ఓపికగా చదవడం వస్తుంది. ఈ మాట ఎవరు మాట్లాడుతున్నారు, ఎందుకిలా చెబుతున్నారు, ఏది చెప్పకుండా దాస్తున్నారు అని అడగడమే సాహిత్య చదువు. అదే కళ్ళతో మన గూడెం కథను చూస్తే అందులో ఎంత ఉందో తెలుస్తుంది. టెమ్సులా జీవితంలో జరిగింది అదే, కాకపోతే దానికి ఆమె సముద్రం దాటి వెళ్ళాల్సి వచ్చింది.

అమెరికాలో కనిపించిన సొంత ఊరు

1985-86లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద ఆమె అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఇంగ్లీషు ప్రొఫెసర్ అమెరికా వెళ్తే అక్కడి రచయితల గురించి ఇంకా నేర్చుకుని వస్తారని అనుకుంటాం. ఆమె మనసును పట్టుకున్నది వేరే. ఆ నేల మొదటి మనుషులైన అక్కడి ఆదివాసులు, వాళ్ళ నోటి సాహిత్యం, దాన్ని వాళ్ళు కాపాడుకుంటున్న తీరు. మిన్నెసోటా డకోటా, ఒజిబ్వే తెగల నేల.

ఆ దేశంలో ఆదివాసీ పిల్లలకు జరిగింది మీరు తప్పక తెలుసుకోవాలి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే చోట ఒక బోర్డింగ్ స్కూలు పెట్టారు. తర్వాత అలాంటివి దేశమంతా వచ్చాయి. తెగల పిల్లలను తల్లిదండ్రుల నుంచి దూరంగా తెచ్చి అక్కడ ఉంచేవారు. పొడుగు జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. రెండు మూడు తరాలు గడిచేసరికి చాలా భాషలు మాట్లాడేవాళ్ళు లేకుండా పోయాయి. తర్వాతి తరాలు మిగిలిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని పాటలు, కథలు మళ్ళీ పోగుచేసుకోవాల్సి వచ్చింది.

టెమ్సులా ఆవో గురించి వెతుకుతూ ఆ బోర్డింగ్ స్కూళ్ళ చరిత్ర చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వాళ్ళవి బలవంతపు బళ్ళు, మావి అన్నం పెట్టే హాస్టళ్ళు, రెండూ ఒకటి కాదని మాకు మేము చెప్పుకున్నాం. నిజమే, ఒకటి కాదు. అయినా బోర్డు మీది వాక్యం మాత్రం అదే వాక్యం. అక్కడ ఎవరో తెల్లదొర రాయించాడు. ఇక్కడ కోయ గూడెంలో పుట్టిన మేమే రాయించాం.

మరునాడు పొద్దున ప్రేయర్ కాకముందే దాన్ని తడిగుడ్డతో తుడిచేశాం.

పన్నెండేళ్ళ పని

అమెరికా నుంచి తిరిగొచ్చాక టెమ్సులా ఆవో నాగాల మౌఖిక సంప్రదాయం మీద పని మొదలుపెట్టారు. దాదాపు పన్నెండేళ్ళు పట్టింది. యూనివర్సిటీ ఉద్యోగం చేసుకుంటూనే తెగ పుట్టుక కథలు, జానపద కథలు, ఆచారాలు, కట్టుబాట్లు, నమ్మకాలు పోగుచేశారు. 'ది ఆవో నాగా ఓరల్ ట్రెడిషన్' అనే ఆ పుస్తకం 1999లో అచ్చయింది. దాన్ని అచ్చువేసింది బరోడాలోని భాషా సంస్థ. ఆ సంస్థను పెట్టిన గణేశ్ దేవి కూడా ఇంగ్లీషు ప్రొఫెసరే. బరోడా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెబుతూ, 1996లో ఆదివాసీ భాషల కోసం ఆ సంస్థను స్థాపించారు. ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ పోగుచేసిన ఆదివాసీ కథలను మరో ఇంగ్లీషు ప్రొఫెసర్ సంస్థ అచ్చువేసిందన్నమాట.

ఆవోల పుట్టుక కథ వినండి. లుంగ్‌తెరోక్ అంటే ఆరు రాళ్ళు. ఆ ఆరు రాళ్ళ నుంచి ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళే మొదటి ఆవోలు. మొదటి ఊరు చుంగ్‌లియిమ్‌తి. వాళ్ళ నుంచే పొంగెన్, లోంగ్‌కుమెర్, జమీర్ అనే మూడు పెద్ద గోత్రాలు పుట్టాయి. ఒకే గోత్రంలో పెళ్ళి చేసుకోకూడదు.

బయటివాళ్ళకు ఇది వట్టి కథ. మనకు అలా కాదు. మన మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు ఎలా వచ్చాయో పెద్దలు కథగానే చెబుతారు. ఆ కథ తెలిస్తేనే ఎవరు అన్నదమ్ముల వరస, ఎవరు మేనరికపు వరస అన్నది తెలుస్తుంది. ఏ వేల్పు ఎవరిది, ఎవరి గడప ముందు ఎవరు డోలు కొట్టాలి అన్నది తెలుస్తుంది. అంటే ఆ కథలోనే మన చట్టం ఉంది, బంధుత్వం ఉంది, చరిత్ర ఉంది. రాతలో లేదు కాబట్టి చరిత్ర కాదు అనే మాటకు టెమ్సులా పుస్తకం ఒక జవాబు.

ఆవోలు చెప్పుకునే మరో కథ మాకు మరీ ఇష్టం. పూర్వం వాళ్ళకు కూడా లిపి ఉండేదట. ఒక జంతువు తోలు మీద రాసుకుని గోడకు వేలాడదీశారట. ఒకరోజు కుక్క ఆ తోలు లాక్కుపోయి తినేసిందట. అప్పటి నుంచి అన్నీ గుండెలో దాచుకుని నోటితోనే చెప్పుకుంటున్నారట.

హాస్టల్లో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నెమ్మదిగా అడిగింది, "మేడం, మరి ఇప్పుడు అవ్వవాళ్ళ గుండెలో ఉన్నది ఎవరు తింటున్నారు?" అని. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. సెల్‌ఫోన్ అందామా, స్కూలు అందామా, మేమే అందామా?

కవిత్వం, కథలు

పరిశోధన ఒక పక్క నడుస్తుండగానే ఆమె కవయిత్రిగా పేరు తెచ్చుకున్నారు. మొదటి కవితా సంపుటి 1988లో వచ్చింది. ఆ తర్వాత 1992, 1995, 2003, 2007లలో మరో నాలుగు వచ్చాయి. ఐదు సంపుటాల పేర్లలోనూ 'పాటలు' అనే మాట ఉంది. ఇంగ్లీషులో కవిత్వం రాస్తూ దాన్ని పాట అని పిలుచుకోవడం మాకు బాగా అర్థమవుతుంది. మన దగ్గర కూడా మాట కంటే పాటే ముందు.

2006లో 'దీజ్ హిల్స్ కాల్డ్ హోమ్' అనే కథల పుస్తకం వచ్చింది. ఇల్లు అని పిలుచుకునే ఈ కొండలు అని అర్థం. నాగా కొండల్లో పోరు నడిచిన రోజుల కథలు అవి. సైనికాధికారుల గొప్పలు, నాయకుల గొప్పలు అందులో ఉండవు. రెండు వైపుల తుపాకుల మధ్య వంట చేసుకున్న, పొలం చేసుకున్న, పిల్లల్ని దాచుకున్న మామూలు మనుషులు ఉంటారు. ఆ పుస్తకంలోని ఒక కథలో పాడటమంటే ప్రాణమిచ్చే అపెన్యో అనే అమ్మాయి ఉంటుంది. ఊళ్ళోకి సైన్యం దిగిన రోజు కూడా ఆమె పాట ఆపదు. ఆ అమ్మాయినీ ఆమె తల్లినీ చంపేస్తారు. ఏళ్ళు గడిచాక ఒక చలి రాత్రి ఊరి ముసలామె ఆ కథను పిల్లలకు చెబుతుంది. చూడండి, ఇంగ్లీషులో రాసిన కథలో కూడా చివరికి నిప్పు చుట్టూ కూర్చున్న పిల్లలు, కథ చెప్పే అవ్వ ఉన్నారు.

2009లో వచ్చిన 'లాబర్నమ్ ఫర్ మై హెడ్' మరో కథల పుస్తకం. అందులో లెంటీనా అనే పెద్దావిడకు పసుపు పూల చెట్టంటే ఇష్టం. బతికుండగా తన తోటలో ఆ చెట్టు పెరగదు. అందరిలా సమాధి మీద రాయి వద్దు, ఆ చెట్టు నాటండి అని పట్టుబడుతుంది. ఆ పుస్తకానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇంకొక్క సంగతి, ముఖ్యంగా చెల్లెళ్ళకు. తెగ మీద ఎంత ప్రేమ ఉన్నా, తెగలో ఉన్నదంతా మంచిదే అని ఆమె అనలేదు. ఆస్తిలో, ఊరి పెద్దరికంలో నాగా స్త్రీకి చోటు లేకపోవడం గురించి సూటిగా రాశారు. 2017లో వచ్చిన 'ఆవోసెన్లాస్ స్టోరీ' నవల పెళ్ళి కట్టుబాట్ల మధ్య తనను తాను వెతుక్కునే ఆవో స్త్రీ కథ. నాగాలాండ్ రాష్ట్ర మహిళా కమిషన్‌కు కూడా ఆమె చైర్‌పర్సన్‌గా పనిచేశారు. సంప్రదాయాన్ని కాపాడటం, దాన్ని ప్రశ్నించడం, రెండూ ఒకే మనిషి చేయవచ్చు.

2007లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 2022 అక్టోబరు 9న దిమాపూర్‌లో కన్నుమూశారు. అదే ఏడాది ఆమె కథల పుస్తకం మరొకటి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ వయసులోనూ రాస్తూనే ఉన్నారు.

మన దగ్గర

ఆమె కన్నుమూసిన ఆ 2022లోనే మన దగ్గరి ఒక పెద్దమనిషికి పద్మశ్రీ వచ్చింది. మణుగూరు మండలం కూనవరం వాసి, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య. కోయలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మల కథను, తెగ వీరుల కథలను డోలు మీద పాడేవారు. రాతలో ఎక్కడా లేనిది ఆయన నోట ఉండేది. 2024లో ఆయన కూడా వెళ్ళిపోయారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమని మీకు చెబుతున్నాం. ఒకరు యూనివర్సిటీ ప్రొఫెసర్, ఇంకొకరు బడి చదువుతో పనిలేకుండా తరాల కథను గొంతులో మోసిన మనిషి. దేశం ఇద్దరికీ ఒకే బిరుదు ఇచ్చింది. కానీ ఒకటి గమనించండి. టెమ్సులా రాసినది ఆమె పోయాక కూడా పుస్తకంగా ఉంది. రామచంద్రయ్య గారి లాంటి వాళ్ళకు తెలిసిన దానిలో ఎవరో కూర్చుని విన్నది, రికార్డు చేసినది మాత్రమే మిగులుతుంది. ఆ కూర్చునేవాళ్ళు మీరే కావాలి.

వేరేవాళ్ళు వచ్చి చేస్తారులే అనుకోవద్దు. చేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు దణ్ణం పెట్టాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఏ రక్త సంబంధం లేని మనిషి మన సోదర తెగ కోసం అంత చేశారు. అదే సవరల్లోంచి మంగయ్ గొమాంగో 1936లో సొంత లిపి తయారు చేశారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాతప్రతులు దొరికాయి, ఇప్పుడు ఆ లిపిని కంప్యూటర్‌లో కూడా రాయవచ్చు. దారి చూపినవాళ్ళు ఉన్నారు, నడవడమే మిగిలింది.

మా హాస్టల్లో ఇప్పుడు

బోర్డు మీద వాక్యం చెరిపేసిన ఏడాది నుంచి మా హాస్టల్లో చిన్న పని ఒకటి పెట్టుకున్నాం. దసరా సెలవులకు, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళే ప్రతి పిల్ల ఒక కథో, పాటో, సామెతో తీసుకురావాలి. ఫోన్ ఉంటే రికార్డు చేయాలి. లేకపోతే విన్నది విన్నట్టు కోయ మాటను తెలుగు అక్షరాల్లో రాయాలి. కింద నాలుగు వివరాలు తప్పనిసరి: ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ సందర్భంలో చెప్పే కథ, వాళ్ళకు ఎవరు చెప్పారు. బయట పాడకూడని వేల్పు పాటలు ఉంటాయి. పెద్దలు వద్దంటే రికార్డు చేయకూడదు. అది కూడా నియమమే.

సెలవుల తర్వాత ఆదివారం రాత్రులు ఆ కథలు చదువుకుంటాం. పై తరగతుల పిల్లలు వాటిలో ఒకటి తీసుకుని ఇంగ్లీషులో రాస్తారు. తప్పులుంటాయి, కలిసి దిద్దుకుంటాం. ఇంట్లో భాష పక్కన పెడితేనే ఇంగ్లీషు వస్తుందని మేము నమ్మిన రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన వ్యాసం తప్ప సొంత వాక్యం ఒక్కటి రాని పిల్లలు, అవ్వ చెప్పిన కథ అనేసరికి పేజీ నిండా రాస్తున్నారు. చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏదో ఉంది కాబట్టి.

ఈ పనిలో మాకు దెబ్బ కూడా తగిలింది. ఒక దసరాకు తొమ్మిదో తరగతి పిల్ల ఒట్టి చేతులతో వచ్చింది. వాళ్ళ అవ్వకు విత్తనాల పండుగ పాటలు ఊరందరికంటే ఎక్కువ వచ్చని ముందే చెప్పింది. వేసవి సెలవుల్లో అడుగుదామనుకుంది, పెళ్ళిళ్ళ హడావిడిలో కుదరలేదట. వర్షాకాలంలో జ్వరంతో అవ్వ పోయింది. ఆ పిల్లకు రెండు పాటల పల్లవులు మాత్రమే గుర్తున్నాయి. ఆ రెండే రాసి ఇచ్చింది, మిగతా పేజీ ఖాళీగా ఉంచింది. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆ తర్వాత మేము ఏ పిల్లకూ "వచ్చే సెలవుల్లో చూద్దాంలే" అని చెప్పలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంగ్లీషు బాగా చదవండి. భయపడకుండా చదవండి. డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ తీసుకుంటానంటే ఇంట్లో వాళ్ళు ఉద్యోగం రాదేమోనని కంగారు పడతారు. వాళ్ళకు టెమ్సులా ఆవో గురించి చెప్పండి. తల్లిదండ్రులు లేక, హాస్టల్ అన్నం తిని, పిల్లల్ని పెంచుకుంటూ చదివి, ముప్పై ఐదేళ్ళు యూనివర్సిటీ కొలువు చేసిన ఆదివాసీ ఆడబిడ్డ ఉందని చెప్పండి. ఆమె నేర్చుకున్న ఇంగ్లీషుతో చేసిన పెద్ద పని సొంత తెగ పెద్దల దగ్గర కూర్చోవడమని కూడా చెప్పండి.

ఈ సంచిక మీ ఫోన్‌లో తెరిచి చదువుతున్నారు కదా. అదే ఫోన్‌లో రికార్డర్ కూడా ఉంటుంది. ఈ వ్యాసం చదవడం అయిపోగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారో చూడండి. పక్కన కూర్చోండి. చిన్నప్పుడు మీకు చెప్పిన కథ మళ్ళీ చెప్పమని అడగండి. పూర్తిగా విన్నాక దాన్ని రాసి మన సంఘానికి పంపండి. వచ్చే సంచికలో మా వ్యాసం బదులు మీ అవ్వ కథ ఉంటే మాకు అంతకంటే సంతోషం లేదు.

జై ఆదివాసీ!